యోబు కథ విన్న నీలకంఠ పిళ్ళై



మన గ్రూపులో ఒకరు అడిగారు: "మన క్రైస్తవ కుటుంబాల్లో దేవసహాయం అనే పేరు ఎక్కువగా కనిపిస్తుంది కదా, అది ఎవరి పేరు?" పేరు పాతదే. బైబిల్లోని లాజరు అనే పేరుకు "దేవుడే సహాయం" అని అర్థం. దాన్ని ఈ దేశపు మాటలోకి తెస్తే దేవసహాయం అయింది. ఆ పేరు పెట్టుకున్న వాళ్లలో అందరికంటే ప్రసిద్ధుడు మన నాగర్‌కోవిల్ దగ్గర పుట్టి, అక్కడే తుపాకీ గుళ్లకు ప్రాణం ఇచ్చినవాడు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే మాట పెరిగింది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు ఒక మాట. క్రైస్తవులు ఇలాంటి వారిని హతసాక్షి అంటారు. గ్రీకు భాషలో "మార్టిస్" అంటే సాక్షి అని మాత్రమే అర్థం, అందులో చావు లేదు. కోర్టులో నిలబడి చూసింది చూసినట్టు చెప్పేవాడు సాక్షి. ఆ సాక్ష్యం వల్ల ప్రాణం పోయిన వాళ్లు ఎక్కువయ్యేసరికి మాటకు ఆ అర్థం అంటుకుంది. తెలుగులో ఎవరు కుదిర్చారో గానీ రెండింటినీ కలిపి ఒకే పదం చేశారు. గ్రీకు మాట కంటే మన మాటే స్పష్టంగా ఉంది అనిపిస్తుంది నాకు.

నీలకంఠ పిళ్ళై 1712లో నట్టాలం అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది కన్యాకుమారి జిల్లా, అప్పుడు తిరువాన్కూరు రాజ్యం. తల్లి వైపు నాయర్ కుటుంబం. వాళ్లలో వంశం తల్లి వైపు నుంచే లెక్క. చదువుకున్నాడు, ఆయుధ విద్య నేర్చాడు, పద్మనాభపురం రాజభవనంలో ఉద్యోగం దొరికింది. రాజు మార్తాండ వర్మ. 1729 నుంచి 1758 దాకా పాలించి, చిన్న చిన్న ముక్కలుగా ఉన్న దేశాన్ని ఒక రాజ్యంగా కట్టినవాడు. నీలకంఠుడి పెళ్లాం పేరు భార్గవి. ఇంతవరకు ఆ కాలపు ఏ రాజోద్యోగి జీవితమైనా ఇలాగే ఉంటుంది.

కథ మారింది ఒక ఖైదీ వల్ల. 1741 ఆగస్టులో కొళచ్చెల్ రేవు దగ్గర మార్తాండ వర్మ సైన్యం డచ్చి కంపెనీ సేనను ఓడించింది. ఐరోపా వాళ్ల సేన మన దేశపు రాజు చేతిలో అంత చిత్తుగా ఓడిన సందర్భాలు ఆ కాలంలో అరుదు. పట్టుబడిన వాళ్లలో యూస్టేషియస్ డి లనాయ్ అనే అధికారి ఉన్నాడు. రాజు అతన్ని చంపలేదు. తన సైన్యానికి తర్ఫీదు ఇమ్మన్నాడు. అతను ఇచ్చాడు. పోనుపోను రాజ్యపు సేనాధిపతి అయ్యి "వలియ కప్పిత్తాన్", అంటే పెద్ద కెప్టెన్, అనిపించుకున్నాడు. డచ్చి కంపెనీ కొలువులో వచ్చినా మతానికి కథోలికుడు.

ఈ ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆ రోజుల్లో నీలకంఠుడికి కష్టకాలం. పశువులు చచ్చాయి, పంటలు పోయాయి, ఆస్తి కరిగింది. ఇల్లు ఎందుకిలా అయిందో తెలియక కుమిలిపోతున్న మనిషికి లనాయ్ యోబు కథ చెప్పాడని సంప్రదాయం. చెప్పినవాడు కూడా ఓడిపోయి, దేశం కాని దేశంలో చిక్కుకుని, శత్రువు కొలువులో ఉన్నవాడే అని మరిచిపోకండి. ఓదార్పు మాట చెప్పడానికి అతనికి అర్హత ఉంది.

యోబు కథ మనలో తెలియని వాళ్ల కోసం నాలుగు మాటల్లో చెబుతాను. యోబు నీతిమంతుడు, ధనవంతుడు. ఒక్క రోజులో పశువులు, పనివాళ్లు, పిల్లలు అందరూ పోతారు. తర్వాత ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అందరిదీ ఒకటే పాట: నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే దేవుడు ఇలా చెయ్యడు. యోబు ఒప్పుకోడు. దేవుడితోనే తగువు పెట్టుకుంటాడు. చివర దేవుడు సుడిగాలిలో నుంచి మాట్లాడతాడు. కానీ "ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వడు. భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అన్న ధోరణిలో తిరిగి అడుగుతాడు. యోబు తలవంచుతాడు.

ఈ గ్రంథంలో ఒక చిత్రం ఉంది. పరలోకంలో జరిగిన సంభాషణ, ఇదంతా ఒక పరీక్ష అన్న సంగతి, చదివే మనకు మొదటి పుటలోనే తెలుస్తుంది. యోబుకు చివరిదాకా తెలియదు. స్నేహితులకూ తెలియదు. దేవుడి సార్వభౌమత్వం అని క్రైస్తవులు అనే మాటకు మూలం ఇక్కడ దొరుకుతుంది. పగ్గాలు ఒకరి చేతిలో ఉన్నాయి, బండి ఎటు పోతోందో మనకు చెప్పలేదు, అయినా ఆ చెయ్యి మంచిదని నమ్మడం. మనవాళ్లు దీన్ని "తలరాత" అని అనువదించుకుంటారు. రెండూ ఒకటి కాదు. తలరాతతో ఎవరూ తగువు పెట్టుకోరు, అది వినదు కాబట్టి. యోబు తగువు పెట్టుకున్నాడు, వినేవాడు ఉన్నాడని నమ్మాడు కాబట్టి.

నీలకంఠుడు క్రైస్తవుడవుతానన్నాడు. తిరువాన్కూరులో జ్ఞానస్నానం ఇస్తే గురువులకూ ప్రమాదమే. అందుకని లనాయ్ చీటీతో సరిహద్దు దాటి, తిరునెల్వేలి సీమలోని వడక్కన్‌కుళం పోయాడు. అక్కడ యేసుసభ గురువు జియోవన్నీ బుత్తారి 1745 మేలో జ్ఞానస్నానం ఇచ్చి దేవసహాయం అని పేరు పెట్టాడు. తర్వాత భార్య కూడా జ్ఞానస్నానం పొంది జ్ఞానపూ అయింది.

వడక్కన్‌కుళం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ మన చరిత్ర కూడా ఉంది. ఆ గుడి యేసుసభ వాళ్ల మదురై మిషన్‌కు చెందింది. ఆ మిషన్‌ను 1606లో మొదలుపెట్టిన రాబర్ట్ డి నోబిలి తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. కారణం తెలిసిందే. మదురై గద్దె మీద ఉన్నది మన నాయక రాజులు, కొలువు భాష తెలుగు. తిరునెల్వేలి సీమ కూడా 1736లో నాయక రాజ్యం పడిపోయే దాకా వాళ్ల కిందే ఉండేది. మన తాతముత్తాతలు పాళెగాళ్లుగా, సైనికులుగా, రైతులుగా దిగిన ఊళ్ల మధ్యనే ఈ గుళ్లు లేచాయి.

ఆ మిషన్‌కు ఒక హతసాక్షి అప్పటికే ఉన్నాడు. లిస్బన్‌లో పుట్టి, పోర్చుగల్ రాజు రెండో పెడ్రోతో చిన్నప్పటి స్నేహం ఉన్న జాన్ డి బ్రిట్టో. ఇక్కడ అరుళానందర్ అన్నారు. ఒకసారి పట్టుకుని హింసించి వదిలేశారు. స్వదేశం వెళ్లాడు. అక్కడే ఉండిపొమ్మని రాజు అడిగినా వినకుండా తిరిగి వచ్చాడు. రామనాథపురం సీమలో తడియ తేవన్ అనే పెద్దమనిషి క్రైస్తవుడై, ఒక్క భార్యను ఉంచుకుని మిగతా వాళ్లను పంపేశాడు. పంపేసిన వాళ్లలో ఒకామె సేతుపతికి బంధువు. ఆమె వెళ్లి మొరపెట్టుకుంది. 1693 ఫిబ్రవరి 4న ఓరియూరులో బ్రిట్టో తల నరికారు. ఆ బంధువు ఆడకూతురి బాధ ఎవరూ రాయలేదు, అది కూడా ఒక చరిత్రే. అప్పుడు మదురైని మనవడి తరఫున పాలిస్తున్నది రాణి మంగమ్మ. సేతుపతి ఆమె మాట వినే దశ దాటిపోయాడు. కానీ రామనాథపురం చెరలో ఉన్న మెల్లో అనే మరో గురువును ఆమె విడిపించింది, బూషే అనే గురువును కొలువులో మర్యాదగా చూసింది. మంగమ్మ చత్రం, మంగమ్మ రోడ్డు చెప్పుకుంటాం గానీ ఈ సంగతి మనలో ఎవరూ చెప్పుకోరు.

సరే, దేవసహాయం దగ్గరికి వద్దాం.

1749లో ఆయన్ని పట్టుకున్నారు. మోపిన నేరం రాజద్రోహం, రాజ్యపు రహస్యాలు పరాయివాళ్లకు చెప్పాడని. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు. సంకెళ్లు వేసి, దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, మెడలో జిల్లేడు పూల దండ వేసి ఊరూరా తిప్పారు. కొరడా దెబ్బలు కొట్టి, పుళ్ల మీద మిరియాల పొడి చల్లి ఎండలో నిలబెట్టారు. పెరువిళైలో ఒక చెట్టుకు కట్టి నెలల తరబడి ఉంచారు. పుళియూర్‌కురిచ్చిలో దాహానికి నీళ్లు ఇవ్వకపోతే మోచేత్తో రాతిని తడితే నీళ్లూరాయని అక్కడి వాళ్లు ఆ బండ చూపిస్తారు. నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకు ఆ బండ కంటే ముఖ్యమనిపించేది వేరే. ఆ మూడేళ్లూ విడుదల ఆయన నోట్లోనే ఉంది. పాత మతానికి వస్తానంటే చాలు అని చెబుతూనే ఉన్నారట. ఒక్క క్షణం ఆవేశంలో చచ్చిపోవడం వేరు. ప్రతి ఉదయం అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పడం వేరు.

ఊరేగించిన ఉద్దేశం జనాన్ని భయపెట్టడం. ఫలితం తిరగబడింది. చూడడానికి వచ్చిన జనం ఆయనతో మాట్లాడడం మొదలుపెట్టారు, ప్రార్థన చెయ్యమని అడగడం మొదలుపెట్టారు. చివరకు ఆయన్ని ఆరల్వాయ్‌మొళి కనుమకు తరలించి, 1752 జనవరి 14 రాత్రి కాట్రాడిమలై అనే గుట్ట మీదికి తీసుకుపోయి కాల్చేశారు. కాల్చేముందు ప్రార్థనకు కాస్త సమయం అడిగాడని చెబుతారు. శవాన్ని అడవిలో పారేశారు. దొరికిన అవశేషాలను క్రైస్తవులు తెచ్చి కోట్టార్ పునీత ఫ్రాన్సిస్ జేవియర్ గుడిలో పాతిపెట్టారు. వయసు నలభై కూడా నిండలేదు.

ఇక్కడ గొడవ ఉంది, దాచనక్కర్లేదు. కొంతమంది చరిత్రకారులు అంటారు: తిరువాన్కూరు రికార్డుల్లో మతం మారినందుకు మరణశిక్ష అన్న మాట లేదు. పైగా మార్తాండ వర్మ లనాయ్ లాంటి కథోలికుణ్ణి సేనాపతిని చేశాడు, ఉదయగిరి కోటలో గుడి కట్టుకోనిచ్చాడు. తీరంలో ముక్కువలు, పరవలు ఫ్రాన్సిస్ జేవియర్ కాలం నుంచి క్రైస్తవులే, వాళ్లను ఏమీ అనలేదు. అలాంటి రాజు ఒక్కణ్ణి మతం కోసం ఎందుకు చంపుతాడు? ప్రశ్న న్యాయమైనదే. మరోవైపు కొచ్చి పీఠాధిపతి 1756లో, అంటే చనిపోయిన నాలుగేళ్లకే, ఈ మరణం గురించి రోముకు వివరంగా రాసి పంపాడు. వందేళ్ల తర్వాత అల్లిన కథ అయితే కాదు.

నా ఉద్దేశం చెబుతాను, ఒప్పుకోవాలని లేదు. పుట్టుకతో క్రైస్తవుడైన చేపల వేటగాడు వేరు, పుట్టుకతో క్రైస్తవుడైన పరదేశి సేనాపతి వేరు. వాళ్లు ఎవరి గీతనూ దాటలేదు. నాయర్ కుటుంబంలో పుట్టి, భవనంలో ఉద్యోగం చేస్తూ, గుడి సేవ మానేసి, తక్కువ కులాల వాళ్లతో కలిసి కూర్చుని తినేవాడు గీత దాటాడు. మార్తాండ వర్మ అంతకుముందే నాయర్ దొరలతో నెత్తుటి పోరు చేసి గెలిచినవాడు. నాయర్ల విధేయత ఆయనకు మత విషయం కాదు, గద్దె విషయం. కాబట్టి "రాజద్రోహమా, మతమా" అని విడదీసి అడగడమే ఆ కాలానికి కుదరదు.

దీన్ని ఇంకొంచెం లోతుగా చూపించే సంగతి ఒకటుంది. 1750 జనవరిలో, దేవసహాయం సంకెళ్లలో ఉన్న రోజుల్లోనే, మార్తాండ వర్మ తిరువనంతపురంలో శ్రీ పద్మనాభస్వామి పాదాల ముందు కత్తి పెట్టి రాజ్యమంతా స్వామికి ధారపోశాడు. దాన్ని తృప్పడిదానం అంటారు. అప్పటి నుంచి ఆయనా, ఆయన తర్వాతి రాజులూ పద్మనాభదాసులు. దేశం స్వామిది, రాజు స్వామి పేరు మీద పనిచేసే సేవకుడు. ఇందులో నిజమైన భక్తి లేదని నేను అనను. కానీ దాని రాజకీయం కూడా స్పష్టమే. ఆ రోజు నుంచి రాజును ధిక్కరించడం అంటే స్వామిని ధిక్కరించడమే.

అంటే ఒకే రాజ్యంలో, ఒకే సమయంలో, ఇద్దరు మనుషులు సర్వాధికారం దేవుడిదే అన్నారు. ఒకరు గద్దె మీద, ఒకరు చెట్టుకు కట్టేసి. గద్దె మీద ఉన్నాయన ఆ మాట అంటే అధికారం గట్టిపడింది. చెట్టుకు కట్టేసినాయన అంటే ప్రాణం పోయింది. క్రైస్తవ రాజులు ఐరోపాలో సరిగ్గా ఇదే పని చేశారు, దేవుడి పేరు చెప్పి గద్దెను గట్టి చేసుకుని, ఒప్పుకోని వాళ్లను కాల్చి చంపారు. కాబట్టి దీన్ని ఒక మతం మీద వెయ్యడానికి వీల్లేదు. ఎవరు ఎక్కడ నిలబడి ఆ మాట అంటున్నారో చూసుకోవాలి.

మన క్రైస్తవ సభ్యుల్లో కొందరు ఇలాంటి కథలు చెప్పేటప్పుడు చావును మరీ తీపి చేసి చెబుతారు. పాత సంఘం అలా చెప్పలేదు. రెండో శతాబ్దంలో స్మిర్నా పీఠాధిపతి పోలికార్పు సైనికులు వెతుకుతుంటే ముందు ఊరి బయటికి తప్పుకున్నాడు, దొరికాకే స్థిరంగా నిలబడ్డాడు. ఆ వృత్తాంతంలోనే, తనంతట తాను ముందుకు దూకిన ఒకడు మృగాలను చూడగానే జడిసి మాట మార్చాడని కూడా రాశారు. చావు కోరుకోవద్దు, వస్తే మాట మార్చవద్దు అన్నదే వాళ్ల పద్ధతి. దేవసహాయం కూడా జ్ఞానస్నానం తర్వాత నాలుగేళ్లు తన పని తాను చేసుకున్నాడు, ఎవరి మీదికీ పోలేదు.

ఒరిస్సాలో ఉన్న మన సభ్యులకు ఇంకా దగ్గరి ఉదాహరణ తెలుసు. 1999 జనవరిలో కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు చిన్న కొడుకులనూ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పి, బారిపదాలో కుష్ఠురోగుల ఆశ్రమం పని చూసుకుంటూ ఇంకా కొన్నేళ్లు అక్కడే ఉంది. దీని మీద వ్యాఖ్యానం అవసరం లేదు. కానీ యోబు కథలో ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆపుతుంది. చివర యోబుకు పశువులు రెట్టింపు వస్తాయి, పిల్లలు మళ్లీ పుడతారు. పోయిన పిల్లలు మాత్రం తిరిగి రారు. గ్లాడిస్‌కు ఆ ముగింపు కూడా లేదు. దేవసహాయానికీ లేదు. లనాయ్ చెప్పిన కథలో చివర అంతా తిరిగి వస్తుందని ఆయనకు తెలుసు. తన విషయంలో అది రాలేదని కూడా మూడేళ్లు కళ్లారా చూశాడు. అయినా నమ్మకం వదల్లేదు. అంటే ఆయన నమ్మింది కథ ముగింపును కాదు.

మరి వడక్కన్‌కుళం తర్వాతి కథ వినండి. అందరితో కలిసి కూర్చుని తిన్న మనిషికి జ్ఞానస్నానం ఇచ్చిన ఆ ఊళ్లోనే 1872లో కట్టిన కొత్త గుడిని రెండు కాళ్ల ప్యాంటు ఆకారంలో కట్టారు. ఒక కాలు వెళ్లాళ్లకు, ఇంకో కాలు నాడార్లకు, మధ్యలో గోడ. పీఠం దగ్గర గురువు ఇద్దరికీ కనిపిస్తాడు, వాళ్లు మాత్రం ఒకరికొకరు కనపడరు. 1910లో ఆ గోడ పడగొట్టారు, దాని మీద కోర్టు కేసులు నడిచాయి. హతసాక్షిని తలకెత్తుకోవడం తేలికే, ఆయన భోజనాల పంక్తిలో కూర్చోవడమే కష్టం.

2012 డిసెంబర్ 2న నాగర్‌కోవిల్‌లో ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు. 2022 మే 15న రోములో పోపు ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు. అంతకుముందు పునీతులైన భారతీయులు గురువులు, కన్యకలు, మఠవాసులు. మహారాష్ట్ర సభ్యులకు తెలిసిన వసై గొన్సాలో గార్సియా, 1597లో జపాన్ నాగసాకిలో శిలువ మీద చనిపోయినాయన, ఆయనా మఠవాసే. పెళ్లయి, ఉద్యోగం చేసుకున్న మామూలు గృహస్థుల్లో దేవసహాయమే మొదటివాడు. ఈ ప్రకటనకు ముందు ఒక పేచీ వచ్చింది. పేరు చివర "పిళ్ళై" ఉండాలా వద్దా? కులం గీత చెరిపినందుకే కష్టాలు పడినాయనకు కులం బిరుదు తగిలించడమేమిటని అడిగారు. రోము ఆ మాట విని బిరుదు తీసేసి వట్టి దేవసహాయం అనే ప్రకటించింది. మన సంఘం సభ్యత్వ పుస్తకంలో ఇంటిపేర్ల తర్వాత ఏమేం రాయాలన్న చర్చ ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ జరుగుతుంది కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగానే రాశాను.

జ్ఞానపూ అమ్మ భర్త పోయాక తిరువాన్కూరు విడిచి వడక్కన్‌కుళంలోనే ఉండిపోయిందని చెబుతారు. ఆమె గురించి ఇంతకంటే పెద్దగా ఎవరూ రాయలేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు: నాగర్‌కోవిల్‌లో దిగితే కోట్టార్ గుడి ఊళ్లోనే. ఆరల్వాయ్‌మొళి తిరునెల్వేలి వెళ్లే దారిలో, గాలిమరల మధ్య ఉంటుంది. కాట్రాడి అంటేనే గాలికి తిరిగేది అని అర్థం. తిరువనంతపురం దారిలో పోతే పద్మనాభపురం భవనం వస్తుంది. నేల తమిళనాడుది, భవనం కేరళ ప్రభుత్వానిది. దాని దగ్గర్లోనే పుళియూర్‌కురిచ్చి. నీళ్లూరిన బండ ఆ ఊళ్లోనే, ఉదయగిరి కోటా ఆ ఊళ్లోనే. స్నేహితుణ్ణి చంపించిన రాజు దగ్గర లనాయ్ ఉద్యోగం మానలేదు. ఆ రాజు పోయాక తర్వాతి రాజు దగ్గరా చేసి, 1777లో చనిపోయాడు. సమాధి కోట లోపల, పాడుబడిన గుడిలో ఉంది. రాతి మీద లాటిన్‌లోనూ తమిళంలోనూ చెక్కారు. రెండూ చూడాలంటే ఒక పూట చాలు.